35 కిలోమీటర్లు దాటితే 2జీ కాల్ ఎందుకు కలవదు?

సముద్రం మీద అడ్డంకులు ఉండవు కనుక తీరంలోని ఎత్తైన టవర్ సిగ్నల్ ఒక్కోసారి 40 కిలోమీటర్ల అవతలి పడవకూ అందుతుంది. ఫోన్ తెరపై గీతలు కనబడతాయి, మామూలు 2జీ కాల్ మాత్రం కలవదు. చిక్కంతా సమయంతోనే.

2జీ ఫోన్లు వాడే పద్ధతి అయిన జీఎస్ఎంలో 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో ఛానెల్‌ను ఎనిమిది మంది వంతులవారీగా వాడుకుంటారు. ఒక్కొక్కరి వంతు, అంటే టైమ్ స్లాట్, 577 మైక్రోసెకండ్లు. ఒకరి బిట్లు మరొకరి స్లాట్‌లోకి పొర్లకుండా చివర 8.25 బిట్ల ఖాళీ వదులుతారు. అది సుమారు 30 మైక్రోసెకండ్లు. రేడియో తరంగం మైక్రోసెకండ్‌కు 300 మీటర్లు వెళ్తుంది. టవర్ మాట ఫోన్‌కు చేరేదీ ఆలస్యంగానే, ఫోన్ జవాబు టవర్‌కు చేరేదీ ఆలస్యంగానే; కాబట్టి రానూపోనూ దూరం లెక్కేయాలి. ఆ లెక్కన నాలుగున్నర కిలోమీటర్లకే ఆ ఖాళీ అయిపోతుంది.

దీనికి విరుగుడు టైమింగ్ అడ్వాన్స్. కాల్ మొదట్లో ఫోన్ 88 బిట్ల పొట్టి సందేశం పంపుతుంది. తానెంత దూరంలో ఉందో దానికింకా తెలియదు గనుక వెనక 68.25 బిట్ల ఖాళీ ఉంచారు. ఆ సందేశం ఎన్ని బిట్లు ఆలస్యంగా వచ్చిందో టవర్ కొలిచి, అన్ని బిట్ల ముందుగానే పంపమని ఒక అంకె చెబుతుంది. బిట్‌కు 3.69 మైక్రోసెకండ్లు, అంటే రానూపోనూ లెక్కలో అంకెకు 550 మీటర్లు. ఆ అంకెకు కేటాయించింది ఆరు బిట్లే కాబట్టి 63 దాటదు. 63ను 550తో గుణిస్తే 35 కిలోమీటర్లు. కాల్ నడుస్తున్నంతసేపూ టవర్ దీన్ని దాదాపు అర సెకనుకోసారి సరిచూస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నేరుగా దూరం పోతున్న రైల్లోనైనా అంకె మారడానికి 20 సెకన్లు పడుతుంది, కాబట్టి ఇది ధారాళంగా సరిపోతుంది.

అసలు తంటా ఫైబర్ మీద నడిచే రిపీటర్లతో, అంటే టవర్ సిగ్నల్‌ను గాజు తీగ ద్వారా తెచ్చుకుని దూరంగా మళ్లీ ప్రసారం చేసే పరికరాలతో వస్తుంది. గాజు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లే. అందువల్ల 20 కిలోమీటర్ల ఫైబర్, గాలిలో 30 కిలోమీటర్లతో సమానం. ఇక రిపీటర్ చుట్టూ మిగిలేది ఐదు కిలోమీటర్లు. రిపీటర్ లోపలి ఫిల్టర్లు తినే ప్రతి మైక్రోసెకండ్‌కూ అందులోంచి మరో 300 మీటర్లు పోతుంది. ఊరి శివార్లలో సిగ్నల్ నిండుగా ఉన్నా కాల్ కలవడం లేదంటే, యాంటెన్నా తిప్పే ముందు ఈ లెక్క చూడాలి.

ఒక్కో కాల్‌కు రెండేసి స్లాట్లు ఇచ్చి పరిధి పెంచే పద్ధతీ ఉంది. అప్పుడు ఎనిమిది మంది బదులు నలుగురే మాట్లాడగలరు. జనం పలుచగా ఉండే తీరాలకు అది నష్టమేమీ కాదు.

4జీలో ఒక్కో అంకె 78 మీటర్లు, అంకెలు 1282 దాకా పోతాయి. అంటే 100 కిలోమీటర్లు. అయితే 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 2జీ ఫోన్ 2 వాట్ల దాకా పంపగలదు, మామూలు 4జీ ఫోన్ 0.2 వాట్లే. అందుకే సాధారణంగా ఆ దూరానికి చాలా ముందే ఫోన్ పంపే సిగ్నల్ టవర్‌కు అందడం మానేస్తుంది.