ఆల్టూనా పాత మ్యాపులో రైలు దారి

చిరంజీవులకు, తాతయ్య ఆశీస్సులు.

అమెరికాలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ 1849లో అల్లెఘనీ కొండల పాదాన తన వర్క్‌షాపుల కోసం కట్టించిన ఊరు ఆల్టూనా. పడమటికి పోవాలంటే ఇంజన్లు ఇక్కడి నుంచే కొండెక్కాలి. ఎలా ఎక్కాయో నేల ఎత్తుపల్లాలు చూపే పాత టోపోగ్రాఫిక్ మ్యాపులో కొలిచి చూడొచ్చు. అమెరికా జియలాజికల్ సర్వే ఆ మ్యాపుల స్కాన్లు ఉచితంగానే ఇస్తోంది.

ఒక షీటు చాలదు. 40 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం దగ్గర 15 నిమిషాల షీటు (అంటే పావు డిగ్రీ మేర చూపే మ్యాపు కాగితం) అయిపోతుంది, ఆ రేఖేమో ఊరి మీదుగానే పోతుంది. మీరు చూడాల్సిన హార్స్‌షూ కర్వ్, అంటే గుర్రపు నాడాలా తిరిగే రైలు దారి వంపు, దానికి కాస్త దక్షిణాన, కింది షీటులో ఉంటుంది. రెండు షీట్ల సర్వే సంవత్సరాలు వేరైతే అంచుల దగ్గర రోడ్లు అతకవు. ముద్రణ సంవత్సరాన్ని నమ్మకండి, సర్వే ఎప్పుడు చేశారో చూడండి.

మ్యాపులో నల్లగా ఉన్నవి మనిషి కట్టినవి, నీలంగా ఉన్నవి నీళ్లు, గోధుమరంగువి కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు. అడ్డగీతలున్న నల్లగీత రైలు దారి.

ఇక అసలు సంగతి. స్కేలు 1:62,500 అయితే మ్యాపు మీద అంగుళం నేల మీద 5,208 అడుగులు. ఆ కొండ మీద పట్టాలు వంద అడుగులకు సుమారు 1.8 అడుగులు లేస్తాయి. కాంటూరుకీ కాంటూరుకీ తేడా 20 అడుగులనుకుంటే, ఆ ఎత్తు ఎక్కడానికి దాదాపు 1,100 అడుగుల దారి కావాలి, మ్యాపు మీద ఐదున్నర మిల్లీమీటర్లు. అంటే నల్లగీత దాదాపు ఐదున్నర మిల్లీమీటర్లకోసారి ఒక గోధుమ గీతను దాటాలి. పక్కన కొండవాలు మీద అంత మేరలోనే గీతలు కిక్కిరిసి ఉంటాయి. తిన్నగా పోతే బండి ఎక్కలేదు. అందుకే లోయలో ఒక ఒడ్డున లోపలికి వెళ్లి, లోయ మొదలయ్యే చోట తిరిగి, అవతలి ఒడ్డున బయటికొచ్చేలా దారి పొడవు పెంచారు. 1854లో తెరిచిన ఆ వంపు మ్యాపు మీద అరంగుళం కూడా ఉండదు, భూతద్దం పెట్టుకోండి.

వంపుల్ని స్కేలుబద్దతో కొలవకండి. దారం పరిచి, దాన్ని మ్యాపు కింద ఉండే దూరాల పట్టీ మీద పెట్టండి. ప్రింటరు బొమ్మను కాగితానికి సరిపడా కుదించేస్తే అంగుళాల లెక్క తప్పుతుంది, పట్టీ మాత్రం బొమ్మతోపాటే కుదురుతుంది. పట్టాలు కొండ కిందుగా దూరే గాలిట్జిన్ సొరంగాల దగ్గర గీతలు లెక్కపెట్టడం ఆపేయండి. అక్కడి కాంటూర్లు పైనున్న కొండవి, పట్టాలవి కావు.