సర్వర్ బతికే ఉంది, మరి పని చేస్తోందా?

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా వదిలే రోజు ఉదయం తిరుపతిలో ఏ నెట్ సెంటర్‌కు వెళ్లినా ఒకటే హడావుడి. ముందుగానే లాగిన్ అయి, ఇంటిల్లిపాది ఆధార్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకుని, గడియారం వైపు చూస్తూ కూర్చుంటారు. దేశమంతటా ఇలా కాచుకున్నవాళ్లు ఒకే నిమిషంలో మీద పడితే ఏ ఒక్క కంప్యూటరూ తట్టుకోలేదు. పరీక్షా ఫలితాలు, రైలు తత్కాల్, బ్యాంకు, ఏ పెద్ద సైటుదైనా ఇదే కథ. అందుకే ఒకే పని చేసే సర్వర్లను పదో ఇరవయ్యో పెట్టి, వాటి ముందు లోడ్ బ్యాలెన్సర్‌ను ఉంచుతారు. వచ్చిన ప్రతి రిక్వెస్టునూ ఏదో ఒక సర్వర్‌కు అప్పజెప్పడం దాని పని.

పంచడం తేలికే. ఎవరికి పంచకూడదో తెలుసుకోవడమే కష్టం. సర్వర్లు చెడుతూనే ఉంటాయి. డిస్కు నిండుతుంది, మెమరీ చాలదు, కొత్త వెర్షన్‌లో ఎవరో ఒక సెట్టింగు తప్పు రాసుంటారు. వెనకటికి ఇలాంటప్పుడు అర్ధరాత్రి ఎవరో ఒకరు లేచి, చెడ్డ సర్వర్‌ను చేత్తో జాబితాలోంచి తీసేసేవాళ్లు. ఆ పనిని ఇప్పుడు హెల్త్ చెక్‌కు వదిలేశాం. కొన్ని సెకన్లకోసారి లోడ్ బ్యాలెన్సర్ ప్రతి సర్వర్‌నూ పలకరిస్తుంది. వరుసగా ఇన్నిసార్లు సరైన బదులు రాకపోతే దానికి పంపడం ఆపేస్తుంది. మళ్లీ వరుసగా ఇన్నిసార్లు వస్తే తిరిగి చేర్చుకుంటుంది. విధానం ఇంతే. తిప్పలన్నీ ఏమని అడగాలి, వచ్చిన జవాబుకు ఎంత అధికారం ఇవ్వాలి అన్నచోట మొదలవుతాయి.

కొండ మీద లడ్డు కౌంటర్లు గుర్తుకు తెచ్చుకోండి. వరుసగా కిటికీలు, ముందు జనం. క్యూ మొదట్లో ఒకాయన నిలబడి, వచ్చినవాళ్లను ఒక్కో కౌంటరుకు పంపుతున్నాడనుకుందాం. ఏ కౌంటరు నడుస్తోందో ఆయనకెలా తెలుస్తుంది? దూరం నుంచి చూసి లైటు వెలుగుతోందంటే నడుస్తున్నట్టే అనుకోవచ్చు. కొంచెం దగ్గరికెళ్లి పిలిస్తే లోపలి మనిషి పలుకుతాడా అని చూడొచ్చు. లేదా తొంగిచూసి ట్రేలో లడ్లున్నాయా అని చూడొచ్చు.

సర్వర్ల విషయంలోనూ సరిగ్గా ఈ మూడు లోతులున్నాయి. మొదటిది టీసీపీ చెక్: పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే తలుపు లాంటిది) తెరిచి ఉందా, కనెక్షన్ కుదిరిందా అని మాత్రమే చూస్తుంది. లోపల అప్లికేషన్ బిగుసుకుపోయినా ఆపరేటింగ్ సిస్టమ్ కనెక్షన్ అందుకుంటూనే ఉంటుంది కాబట్టి ఇది చాలాసార్లు మోసపోతుంది. రెండోది హెచ్‌టీటీపీ చెక్: ఒక పేజీ అడిగి, 200 అనే కోడ్ వస్తే బాగున్నట్టు లెక్క. మూడోది లోతైన చెక్: ఆ పేజీ బదులిచ్చే ముందు డేటాబేసును పలకరిస్తుంది, డిస్కు మీద ఒక ముక్క రాసి చూస్తుంది, ఆ తర్వాతే 200 అంటుంది. తేడా ఉంటే 503 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది.

పైపైన చూసే చెక్‌తో వచ్చే ప్రమాదం ఒకటుంది, తెలియనివాళ్లకు నమ్మబుద్ధి కాదు. లడ్లు అయిపోయిన కౌంటరు ముందు క్యూ ఎలా కదులుతుంది? అన్నిటికన్నా వేగంగా! వచ్చినవాళ్లకు "లేవండీ" అని రెండు సెకన్లలో చెప్పి పంపేస్తాడు కాబట్టి అక్కడ ఎప్పుడూ జనం పలచగానే ఉంటారు. పొట్టి క్యూ చూసి పంపే ఆ పెద్దమనిషి కొత్తగా వచ్చినవాళ్లనంతా అక్కడికే తోలుతాడు. తక్కువ పని చేతిలో ఉన్న సర్వర్‌కే పంపే పద్ధతి పెట్టుకున్న లోడ్ బ్యాలెన్సర్ కూడా ఇదే చేస్తుంది. మంచి సర్వర్ ఒక టికెట్ బుక్ చేయడానికి అర సెకను తీసుకుంటే, డేటాబేసు తెగిపోయిన సర్వర్ రెండు మిల్లీసెకన్లలో ఎర్రర్ విసిరి ఖాళీగా కూర్చుంటుంది. ఖాళీగా ఉంది కదా అని లోడ్ బ్యాలెన్సర్ దానికే ఇంకా పంపుతుంది. పదింట్లో ఒక్కటి చెడితే పదిమందిలో ఒక్కరికే ఇబ్బంది అనుకుంటాం గానీ, సగానికి పైగా జనం ఆ ఒక్కదాని నోట్లోనే పడొచ్చు.

ఇక అంకెల సంగతి. అమెజాన్ క్లౌడ్‌లోని అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌లో మనం ఏమీ మార్చకపోతే 30 సెకన్లకోసారి అడుగుతుంది, బదులుకు 5 సెకన్లు ఆగుతుంది, వరుసగా 2 సార్లు తప్పితే పక్కన పెడుతుంది, వరుసగా 5 సార్లు సరిగ్గా పలికితే తిరిగి తీసుకుంటుంది. అంటే అడిగిన మరుక్షణమే సర్వర్ చెడిందనుకోండి, అది బయటపడేసరికి దాదాపు నిమిషం. టికెట్లు వదిలిన మొదటి నిమిషం అదే అయితే అంతా అయిపోయినట్టే. గూగుల్ క్లౌడ్‌లో ఏమీ మార్చకపోతే 5 సెకన్లకోసారి అడుగుతుంది. హెచ్‌ఏప్రాక్సీ అనే లోడ్ బ్యాలెన్సర్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకా చురుకు: 2 సెకన్లకోసారి అడిగి, 3 తప్పితే తీసేస్తుంది, 2 సార్లు సరిగ్గా వస్తే చేర్చుకుంటుంది. అలాగని అందరూ 2 సెకన్లు పెట్టుకోవాలని కాదు. జావాలో రాసిన అప్లికేషన్ మెమరీ శుభ్రం చేసుకోవడానికి కాసేపు ఆగితే, ఆ మాత్రానికే బయటికి గెంటేసి, మళ్లీ లోపలికి పిలిచి, మళ్లీ గెంటేస్తుంటే మిగతా సర్వర్ల మీద బరువు ఊగిపోతుంది. తీసేయడంలో చురుకు, తిరిగి చేర్చుకోవడంలో నిదానం, ఇది నాకు నచ్చిన పద్ధతి.

సర్వర్ లాగ్ తెరిచి చూస్తే ఈ పలకరింపులు కంటికి కనిపిస్తాయి. అమెజాన్‌లో అయితే అర్ధరాత్రి సైటులో ఒక్క మనిషి లేకపోయినా, ఈఎల్‌బీ-హెల్త్‌చెకర్/2.0 అనే పేరుతో వరుసలు పడుతూనే ఉంటాయి. లోడ్ బ్యాలెన్సర్ అంటే ఒక్క మెషీన్ కాదు, వేర్వేరు జోన్లలో (విడివిడి డేటా సెంటర్లలో) ఉన్న దాని ప్రతి నోడూ, అంటే ప్రతి మెషీనూ, విడిగా అడుగుతుంది, అందుకే అనుకున్నదానికన్నా ఎక్కువ వరుసలుంటాయి. గూగుల్ క్లౌడ్‌లో ఈ పలకరింపులు 35.191.0.0/16, 130.211.0.0/22 అనే చిరునామాల నుంచి వస్తాయి. ఫైర్‌వాల్‌లో వాటికి దారి ఇవ్వకపోతే, సర్వర్ నిక్షేపంగా ఉన్నా లోడ్ బ్యాలెన్సర్ మాత్రం చెడిపోయిందనే అంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల సాయంత్రాలు చాలావరకు ఇక్కడే ఖర్చవుతాయి.

ఇంతవరకు చదివితే లోతైన చెక్కే మేలు అనిపిస్తుంది. ఆగండి. లడ్లన్నీ వచ్చేది పోటు అనే ఒక్క వంటశాలలోంచే. అక్కడ పది నిమిషాలు ఆలస్యమైతే ప్రతి కౌంటరులోనూ ట్రే ఖాళీ. ఖాళీ ట్రే ఉన్న కౌంటరును మూసేయాలన్న నియమం ఉంటే ఏమవుతుంది? కౌంటర్లన్నీ ఒకేసారి మూతపడతాయి. లోపం కౌంటర్లది కాదు, ఒక్కటి మూసినా పోటులో పని వేగం పెరగదు. డేటాబేసు అందరికీ ఒక్కటే అయినప్పుడు దాన్ని హెల్త్ చెక్‌లో చేరిస్తే జరిగేది ఇదే. డేటాబేసు కొంచెం మెల్లబడగానే ఇరవై సర్వర్లూ ఏకకాలంలో 503 అంటాయి. డేటాబేసు అవసరం లేని పేజీలు కూడా, ఉదాహరణకు గదుల ఫొటోలు, ధరల పట్టిక, చూపించలేని స్థితి వస్తుంది. కాబట్టి ఒక సర్వర్ తన సొంత ఆరోగ్యం మాత్రమే చెప్పాలి: నా డిస్కులో చోటుందా, నా దగ్గర ఖాళీ కనెక్షన్ ఉందా, నా సెట్టింగులు సరిగ్గా లోడయ్యాయా. డేటాబేసు మీద కాపలాకు వేరే ఏర్పాటు ఉండాలి. పేమెంట్ గేట్‌వే లాంటి బయటివాళ్లను హెల్త్ చెక్‌లోకి లాగడమంటే, పక్కింటాయన జ్వరానికి మనం మందు మింగినట్టే.

ఈ ప్రమాదం తెలిసినవాళ్లు లోడ్ బ్యాలెన్సర్లలోనే కళ్లెం పెట్టారు. అమెజాన్ లోడ్ బ్యాలెన్సర్‌కు ఒక గుంపులోని సర్వర్లన్నీ చెడ్డవిగా తేలితే, చెక్‌ను పక్కనపెట్టి అన్నిటికీ పంపడం మొదలుపెడుతుంది. అందరూ ఒకేసారి చెడిపోయారంటే బహుశా అడిగే ప్రశ్నలోనే తప్పుండాలి అన్నది అందులోని తర్కం. ఎన్వాయ్ అనే మరో లోడ్ బ్యాలెన్సర్ సాఫ్ట్‌వేర్ ఇంకా ముందే జాగ్రత్త పడుతుంది: బాగున్నవి సగంకన్నా తగ్గితే చాలు, హెల్త్ చెక్ మాట వినడం మానేస్తుంది. నిజమైన వినియోగదారులకు వచ్చే ఎర్రర్లను గమనించి సర్వర్లను పక్కనపెట్టే పద్ధతి కూడా ఎన్వాయ్‌లో ఉంది, అందులోనూ మామూలుగా పది శాతం మించి తీయదు.

ఈ కళ్లేలు ఎందుకో 2025 దీపావళి నాడు ప్రపంచమంతా చూసింది. అక్టోబర్ 20న మన మధ్యాహ్నం పన్నెండు దాటాక అమెజాన్ ఉత్తర వర్జీనియా రీజియన్‌లో డైనమోడీబీ అనే డేటాబేసుకు సంబంధించిన డీఎన్ఎస్ రికార్డు (పేరు చెబితే చిరునామా చూపే పట్టికలోని వరుస) ఖాళీ అయిపోయింది. దాన్ని కొన్ని గంటల్లోనే సరిచేశారు. కథ అక్కడితో అయిపోలేదు. కొత్తగా లేస్తున్న మెషీన్లకు నెట్‌వర్క్ వివరాలు అందడం ఆలస్యమైంది. అవి అందకముందే నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్ హెల్త్ చెక్ వాటిని పలకరించింది. ఒకసారి బాగుందని, మరుసటిసారి బాగాలేదని, జవాబు అటూ ఇటూ మారుతూ పోయింది. దాంతో నోడ్లను డీఎన్ఎస్‌లోంచి తీయడం, మళ్లీ చేర్చడం. ఆ పనిభారానికి హెల్త్ చెక్ వ్యవస్థే కుంటుబడి, బాగున్న సర్వర్లను కూడా పక్కన పెట్టేసింది. చివరికి ఇంజనీర్లు చేసిందేమిటంటే, హెల్త్ చెక్‌లను బట్టి దానంతటదే జరిగే మార్పిడిని ఆపేశారు. అప్పటికి మన దగ్గర రాత్రి పది దాటింది. కాపాడడానికి పెట్టిన యంత్రాన్ని ఆపితేగానీ సర్వీసు నిలబడలేదు.

చెడ్డ సర్వర్‌కు పంపడం ఆపడం ఒక ఎత్తు, దాన్ని చంపి కొత్తది పుట్టించడం ఇంకో ఎత్తు. అప్లికేషన్లను చాలా మెషీన్ల మీద నడిపించే కుబర్నెటిస్ అనే సాఫ్ట్‌వేర్ ఈ రెంటినీ విడగొట్టింది. రెడీనెస్ ప్రోబ్ (పని అందుకోవడానికి సిద్ధమా అన్న చెక్) తప్పితే ట్రాఫిక్ ఆగుతుంది. లైవ్‌నెస్ ప్రోబ్ (బతికే ఉందా అన్న చెక్) తప్పితే కంటైనర్‌ను, అంటే అప్లికేషన్ నడిచే పెట్టెను, రీస్టార్ట్ చేస్తుంది. ఏమీ మార్చకపోతే రెండూ 10 సెకన్లకోసారి అడుగుతాయి, బదులుకు 1 సెకను గడువు, 3 తప్పులు. లైవ్‌నెస్‌లో డేటాబేసు చెక్ పెట్టినవాళ్ల గతి ఏమిటంటే, డేటాబేసు మెల్లబడ్డప్పుడు అప్లికేషన్లన్నీ ఒకేసారి రీస్టార్ట్ అయి, అన్నీ ఒకేసారి కొత్త కనెక్షన్లు అడిగి, మూలుగుతున్న డేటాబేసును పూర్తిగా పడుకోబెడతాయి. అవసరాన్ని బట్టి మెషీన్లను పెంచి తగ్గించే అమెజాన్ ఆటో స్కేలింగ్‌లోనూ ఇలాంటిదే ఉంది. లోడ్ బ్యాలెన్సర్ చెప్పిన మాట విని మెషీన్‌ను మార్చేయాలంటే ఆ సెట్టింగును మనమే ఆన్ చేయాలి. లేకపోతే మెషీన్ కరెంటు, నెట్‌వర్క్ లాంటి పైపై సంగతులు మాత్రమే చూసుకుంటుంది. ఆన్ చేసేముందు అప్లికేషన్ లేవడానికి ఎంతసేపు పడుతుందో కొలవాలి. మూడు నిమిషాలు పట్టేదానికి రెండు నిమిషాల గడువిస్తే, లేచేలోపే చంపి, ఇంకోటి పుట్టించి, దాన్నీ చంపి, పొద్దున్నకల్లా బిల్లు చూసి టెన్షన్ పడాల్సి వస్తుంది.

ఇదంతా కుదిరాక మిగిలేది ఫోను ఎప్పుడు మోగాలన్నది. ఇరవై సర్వర్లలో ఒకటి పడిందని రాత్రి రెండింటికి ఎవరినీ లేపక్కర్లేదు, దాన్ని తీసేయడానికే కదా ఈ ఏర్పాటంతా. చూడాల్సింది బాగున్నవి ఎన్ని మిగిలాయన్న లెక్క. అమెజాన్‌లో హెల్తీ హోస్ట్ కౌంట్ అనే పేరుతో ఆ అంకె దొరుకుతుంది. రద్దీ రోజుకు పన్నెండు సర్వర్లు కావాలని తెలిస్తే, పద్నాలుగుకు దిగగానే అలారం మోగేలా పెట్టుకోవచ్చు. రద్దీ లేని ఒక మధ్యాహ్నం కావాలనే ఒక సర్వర్‌లో డేటాబేసు పాస్‌వర్డ్ మార్చి చూడండి. ఎన్ని సెకన్లకు పక్కకు తప్పుకుంది, ఆలోపు ఎంతమందికి ఎర్రర్ పేజీ కనిపించింది, సరిచేశాక ఎంతసేపటికి తిరిగొచ్చింది, ఈ మూడు అంకెలూ రాసిపెట్టుకుంటే తర్వాతి కోటా రోజుకు ఏ సెట్టింగు మార్చాలో తెలుస్తుంది.