గినీ పిగ్‌లో గెలిచి, మనిషిలో ఓడిన ఉబ్బసం మందులు

గుంటూరు మిర్చి యార్డులోకి కొత్తగా వెళ్లినవాళ్లకు కమ్ముకొచ్చే దగ్గుకూ, అలర్జీ ఉబ్బసానికీ దగ్గరి చుట్టరికం ఉంది. శ్వాసనాళాల లోపలి పొర దాకా పాకిన సన్నని నరాల కొసలే మిర్చి ఘాటును పసిగడతాయి. అవి మెదడుకు కబురు పంపి ఊరుకోవు, ఉన్నచోటనే కొన్ని రసాయనాలు వదులుతాయి.

వాటిలో మొదట దొరికింది సబ్‌స్టెన్స్ పి. 1931లో లండన్‌లో వాన్ ఆయిలర్, గాడమ్ అనే శాస్త్రవేత్తలు గుర్రం మెదడు, పేగుల నుంచి తీసిన సారం కుందేళ్లలో రక్తపోటును పడగొట్టింది. గ్రాఫుల మీద దానికి గుర్తుగా రాసుకున్న ‘పి’ అక్షరమే పేరుగా నిలిచిపోయింది. అది 11 అమైనో ఆమ్లాల గొలుసని తేలడానికి మరో 40 ఏళ్లు పట్టింది. ఇవే నరాలు వదిలే మరో రెండు పెప్టైడ్లు (ఇలాంటి చిన్న గొలుసులు), న్యూరోకినిన్ ఎ, సీజీఆర్‌పీ, 1980లలో బయటపడ్డాయి.

ఈలోగా హంగరీలో యాంచో బృందం మిర్చి కారానికి మూలమైన కాప్సైసిన్‌ను ఎలుకలకు పదేపదే ఇచ్చి ఆ నరాలను మొద్దుబార్చింది. ఆ తర్వాత ఘాటు పదార్థం తగిలినా వాపు రాలేదు. వాపుకు నరమే కారణమని 1967లో అచ్చయిన ఆ పని నిరూపించింది. 1983లో స్వీడన్ నుంచి లుండ్‌బర్గ్, సరియా ఇదే కిటుకు శ్వాసనాళాల్లోనూ పనిచేస్తుందని చూపారు. సిగరెట్ పొగ పట్టించినా వాపు రాలేదు.

దీని మీదే బ్రిటన్ ఊపిరితిత్తుల వైద్యుడు పీటర్ బార్న్స్ 1986లో ఒక ఊహ కట్టారు. అలర్జీతో లోపలి పొర ఊడి నరాల కొసలు బయటపడతాయి. వాపు వేళ ఒంట్లో పుట్టే బ్రాడీకినిన్ అనే రసాయనం వాటిని రెచ్చగొడుతుంది. ఆ సంకేతం నరం కొమ్మల్లోకి వెనక్కి మళ్లి రసాయనాలను చిమ్మిస్తుంది. అప్పుడు రక్తనాళాలు కారతాయి, కఫం ఊరుతుంది, కండరం బిగుస్తుంది. మామూలుగా ఈ పెప్టైడ్లను ముక్కలు చేసే ఎంజైమ్, న్యూట్రల్ ఎండోపెప్టిడేజ్, ఉండేది కూడా ఆ పొరలోనే. వైరస్ జలుబు, సిగరెట్ పొగ దాన్ని దెబ్బతీస్తాయి. జలుబు చేసినప్పుడు ఉబ్బసం ముదరడానికి ఇదీ ఒక కారణం కావచ్చన్నారు. ముచ్చటైన సిద్ధాంతమే, కానీ ఆధారాల్లో ఎక్కువ భాగం గినీ పిగ్‌వి.

తిరకాసు అక్కడే వచ్చింది. గినీ పిగ్ శ్వాసనాళాల్లో ఈ నరాలు దట్టంగా ఉంటాయి, మనిషిలో పలచన. ఉబ్బసం రోగుల కణజాలంలో సబ్‌స్టెన్స్ పి నరాలు పెరిగాయని 1991లో ఒక బృందం అంటే, మరో బృందానికి అవి దాదాపు కనబడనే లేదు. మనిషిలో కండరాన్ని బిగించడంలో సబ్‌స్టెన్స్ పి కన్నా న్యూరోకినిన్ ఎ బలమైనది. అది ముఖ్యంగా కణాల మీద ఉండే ఎన్‌కే2 అనే గ్రాహకం (రసాయనం వచ్చి అతుక్కునే చోటు) మీద పనిచేస్తుంది. ఆ గ్రాహకాన్ని మూసే సారెడుటాంట్ అనే మందు, పీల్పించిన న్యూరోకినిన్ ఎను కొంత నిలువరించింది. అయితే బయటినుంచి పీల్పించిన రసాయనాన్ని ఆపడం వేరు, రోగిని ఉబ్బసం నుంచి కాపాడటం వేరు. ఈ కోవలో ఒక్క మందూ ఉబ్బసం చికిత్సగా నిలబడలేదు. సబ్‌స్టెన్స్ పి గ్రాహకాన్ని మూసే అప్రెపిటాంట్ మాత్రం 2003లో కీమోథెరపీ వాంతులకు మందుగా వచ్చింది.

2015లో కథ మరో దారి పట్టింది. అలర్జీ ఎలుకల్లో రోగనిరోధక కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్-5 అనే సంకేత ప్రోటీన్ ఘాటును పసిగట్టే ఈ నొప్పి నరాలను తట్టిలేపుతుందని, అవి వీఐపీ అనే పెప్టైడ్‌ను వదులుతాయని, దాంతో రోగనిరోధక కణాలు మళ్లీ ఇంటర్‌ల్యూకిన్-5నే తయారుచేస్తాయని బోస్టన్ శాస్త్రవేత్తలు చూపారు. నరాన్ని మొద్దుబారిస్తే వాపు తగ్గింది. ఈసారి ప్రశ్న కండరం బిగుసుకోవడం గురించి కాదు, అలర్జీ మంటను ఎవరు ఎగదోస్తున్నారన్నది. అదే ఏడాది ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్ అనే మందుకు తీవ్ర ఉబ్బసం కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్ల గురి మాత్రం నరాల మీద కాదు, అలర్జీలో పెరిగే ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాల మీద.