నకిలీ కూడా పాతదే: జపాన్ కత్తి అలంకారాల వెనుక చరిత్ర

జపాన్ పాత కత్తుల విడిభాగాలు ఇప్పుడు ఆన్‌లైన్ వేలాల్లో నిత్యం కనిపిస్తాయి. వాటిలో ఎక్కువగా అమ్ముడయ్యేది త్సుబా. పిడికీ అలుగుకీ మధ్య చేతికి అడ్డంగా ఉండే, అరచేతిలో పట్టేంత లోహపు బిళ్ల అది. దాంతోపాటు పిడి రెండు చివర్లా తొడిగే పొన్నులు, పిడి అల్లికలో ఇమిడే మెనుకి అనే చిన్న బొమ్మలు, ఒర పక్కన దూర్చుకునే చాకుకి ఉండే కొజుకా పిడి. కొనేవాళ్లు ముందుగా అడిగేది "ఇది పాతదేనా?" అని. ఆ ఒక్క ప్రశ్న సరిపోదు. వస్తువు రెండు వందల ఏళ్ల నాటిదై ఉండి కూడా దాని మీది సంతకం అబద్ధం కావచ్చు. ఈ చిక్కు ఇంటర్నెట్‌తో వచ్చింది కాదు.

15వ శతాబ్దంలో గోతో యూజో అనే శిల్పి అషికాగా వంశపు షోగన్ (సైనిక పాలకుడు) యోషిమాసా కొలువులో పనిచేశాడు. ఆయన వంశం పదిహేడు తరాల పాటు ఇదే వృత్తిలో, పాలకుల ఆశ్రయంలో నిలబడింది. తొలి తరాల వాళ్లు మామూలుగా తమ పని మీద పేరు చెక్కలేదు. తర్వాతి తరాల పెద్దలు ఆ పేరులేని పనులను పరిశీలించి "ఇది యూజో చేసినది" అని తేల్చేవారు. ఒక్కోసారి ఆ మాటను వస్తువు మీదే చెక్కి, పక్కన తమ పేరూ గుర్తూ వేసేవారు. లేదా ఒరిగామి అనే మడత కాగితం మీద రాసిచ్చేవారు. అందులో బంగారం లెక్కన విలువ కూడా ఉండేది. ప్రభువుల ఇళ్ల మధ్య కానుకలుగా తిరిగే వస్తువులు కాబట్టి ఆ కాగితానికి చాలా గిరాకీ.

నా దృష్టిలో అసలు సమస్యకు మూలం ఇక్కడే ఉంది. చేసేదీ, గుర్తించేదీ, వెల కట్టేదీ ఒకే ఇల్లు. గోతోల తీర్పుకి ఇప్పటికీ గౌరవం ఉంది. కానీ యూజో పేరు పెట్టిన ప్రతి వస్తువూ ఆయన చేతిదేనని ఇప్పటి పరిశీలకులు ఒప్పుకోరు.

‘ఎదో’ అని పిలిచే యుగంలో (1603–1868) పట్టణాలు పెరిగాయి, వ్యాపారులు సంపన్నులయ్యారు. పొట్టి కత్తి ధరించే వీలు వాళ్లకూ ఉండేది. యొకోయా సోమిన్ (1670–1733), త్సుచియా యసుచికా (1670–1744) లాంటి శిల్పులు కొలువు పద్ధతిని దాటి కొత్త రకం చెక్కడం తెచ్చారు. వాళ్ల పేరుకే డబ్బు వచ్చేది, అందుకే పేరును దొంగిలించడం మొదలైంది. అంతకుముందు కాలపు ఇనుప త్సుబాల మీద కనిపించే నొబుయే, కనెయే అనే శిల్పుల సంతకాలను కూడా ఎందరో వాడుకున్నారు. 1781లో ఒసాకాలో కత్తి అలంకార శిల్పుల వివరాలతో ఒక పుస్తకమే అచ్చయింది. కొనేవాడికి దారి చూపే సమాచారం నకిలీ చేసేవాడికీ దారి చూపుతుంది కదా.

అయితే ప్రతి అనుకరణా మోసం కాదు. గురువు పనిని గౌరవంతో తిరిగి చేసి, కింద తన పేరే చెక్కుకోవడం అక్కడ మర్యాదైన సంప్రదాయం. దాన్ని ఉత్సుషి అంటారు. ఇంకొకరి పేరు చెక్కితే అది గిమేయి. ఈ రెంటి మధ్య హికోనె ఊరి శిల్పి సోతెన్ కథ ఉంది. యుద్ధ దృశ్యాలు, చైనా ఋషులు కిక్కిరిసి ఉండే ఆయన జాలీ పనికి ఎంత పేరొచ్చిందంటే, ఊరూ పేరూ కలిపిన ఆయన పొడవాటి సంతకంతో లెక్కలేనన్ని త్సుబాలు ఇతరుల చేతుల్లో తయారయ్యాయి. వాటిలో చక్కటి పనితనం ఉన్నవీ ఉన్నాయి. అవి పాతవే, కానీ సోతెన్ చేసినవి కావు.

1876లో, షోగన్ల పాలన పోయాక చక్రవర్తి పేర వచ్చిన మేయిజీ ప్రభుత్వం బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించింది. శిల్పుల జీవనాధారం ఒక్కసారిగా పోయింది. అప్పటికే కొత్త నాణేల నమూనాల పనిలో ఉన్న కనో నత్సువో (1828–1898) నిలదొక్కుకుని రాజాస్థాన కళాకారుడయ్యాడు. చాలామంది ఎగుమతి కోసం కూజాలు, పెట్టెలు చెక్కారు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. కత్తుల నుంచి ఊడదీసిన అలంకారాలు యూరప్‌కీ అమెరికాకీ కుప్పలుగా తరలిపోయాయి. ఏ త్సుబా ఏ కత్తిది, ఏ ఇంటిది అన్న ఆధారం అక్కడ తెగిపోయింది. విదేశీ కొనుగోలుదారుకి మిగిలింది సంతకం ఒక్కటే. నకిలీ చెయ్యడానికి అన్నిటికన్నా తేలికైనదీ అదే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆక్రమణ సైన్యాలు కత్తులను స్వాధీనం చేసుకుంటున్న రోజుల్లో వాటిని కళాఖండాలుగా కాపాడాలని పోరాడినవాళ్లు 1948లో జపాన్ కళాత్మక కత్తుల సంరక్షణ సంఘాన్ని స్థాపించారు. అప్పటి నుంచి దాని ధ్రువపత్రమే పెద్ద కొలమానం. తొలి రోజుల పత్రాల మీద అనుమానాలు రావడంతో 1982లో పద్ధతి మార్చారు. ఆ పాత పత్రంతో వస్తువు వస్తే మళ్లీ పరీక్షకు పంపించుకోవడమే మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. కొత్త పత్రం కూడా ఆనాటి పరీక్షకుల అభిప్రాయమే. అది మారవచ్చు.

అందుకే చూపు సంతకం మీద నుంచి లోహం మీదికి వెళ్లాలి. నేటి నకిలీల్లో ఎక్కువ భాగం అసలు త్సుబా నుంచి అచ్చు తీసి పోత పోసినవి. పోతలో అంచులు మొద్దుబారతాయి. గాలిబుడగల గుంటలు పడతాయి. రంధ్రాల లోపలి గోడల మీద ఉలి, ఆకురాయి గీతలకు బదులు అచ్చు అతుకు కనిపిస్తుంది. ఒకే చోట ఒకే దెబ్బ తిన్న రెండు త్సుబాలు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. నానకో అంటే చేప గుడ్లు పరిచినట్టు కనిపించే లోహపు నేపథ్యం, అందులో ఒక్కో చుక్కనూ విడిగా పోటుతో కొట్టాలి. భూతద్దం కింద ఆ చుక్కలు మొద్దుబారి ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తే అది పోత అని అనుమానించాలి. రాగిలో కొద్ది శాతం బంగారం కలిపిన షకుదోకి నీలి ఛాయ గల నలుపు వస్తుంది. పూత రంగుకి ఆ లోతు రాదు. అలుగు దూరే రంధ్రం చుట్టూ రాగి పూరకాలు, బిగింపు కోసం కొట్టిన ఉలి గుర్తులు ఉంటే ఆ త్సుబా కత్తికి ఎక్కిందని తెలుస్తుంది. కానీ అవి లేవని వెంటనే నకిలీ అనేయకూడదు. కానుక కోసమో ఎగుమతి కోసమో చేసి, ఏ కత్తికీ ఎక్కని నిజమైన పనులు కూడా కొన్ని ఉన్నాయి.