బెంగళూరు డైనో షీట్, అనంతపురం ఎండ

మా అనంతపురంలో టర్బో కారున్నవాళ్లు ఇద్దరు కలిస్తే మాటలు స్టేజ్ 1 (బండి భాగాలు పెద్దగా మార్చకుండా పవర్ పెంచే మొదటి మెట్టు ట్యూనింగ్) దగ్గరికే వస్తున్నాయి. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్ లెక్కలు మార్చడం) చేయించాలా, ట్యూనింగ్ బాక్స్ (బయటి నుంచి తగిలించే చిన్న పెట్టె) సరిపోతుందా, ఎవరి రీమ్యాప్ ఫైలుతో ఎంత హెచ్‌పీ పెరిగింది అని. ఫోన్లో బెంగళూరు డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) షీట్ కూడా చూపిస్తారు. ఆ షీట్ మీద అంకె ఎలా వచ్చిందో తెలియకుండా దేన్నీ దేనితోనూ పోల్చలేం. అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

కార్బురేటర్ల రోజుల్లో ట్యూనింగంతా మెకానిక్ చెవిలో, చేతిలో ఉండేది. జెట్ (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం) మార్చేవాళ్లు, డిస్ట్రిబ్యూటర్ కొంచెం తిప్పి స్పార్క్ పడే టైమింగ్ సరిచేసేవాళ్లు, ఫ్రీఫ్లో సైలెన్సర్ వేసేవాళ్లు. ఎంత పెరిగిందో కొలిచే పనే లేదు, పికప్ బాగుందనిపిస్తే చాలు. 2000 తర్వాత కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ పెట్రోలు బండ్లకు ఎంపీఎఫ్ఐ (ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్) వచ్చి ఆ పనంతా ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చేతికి పోయింది.

డీజిల్లో కామన్ రైల్ (ఎక్కువ ఒత్తిడితో ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఒకే గొట్టం) రావడంతో ట్యూనింగ్ బాక్సులకు దారి దొరికింది. రైల్ ప్రెషర్ సెన్సర్ సిగ్నల్‌ను బాక్స్ తగ్గించి చూపిస్తుంది, ప్రెషర్ చాలలేదనుకుని ఈసీయూ పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది. పీకేస్తే బండి మళ్లీ మామూలే, అందుకే జనానికి నచ్చింది. నాకు మాత్రం నచ్చదు, ఎందుకంటే రైల్లో అసలు ప్రెషర్ ఎంతుందో ఈసీయూకే తెలియకుండా పోతుంది. రీమ్యాప్‌లో ఈ మోసం ఉండదు. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), ఇంధనం, ఇగ్నిషన్ లెక్కలే మారతాయి, సెన్సర్లు నిజమే చెబుతాయి.

తర్వాత చిన్న టర్బో పెట్రోళ్లు వచ్చాయి. 2013లో పోలో జీటీ టీఎస్ఐ 105 పీఎస్‌తో (పీఎస్ అంటే దాదాపు హెచ్‌పీయే) వచ్చింది, 2019లో మన పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచే 140 పీఎస్ సెల్టోస్ టర్బో బయటికొచ్చింది. టర్బో లేని ఇంజిన్‌కు రీమ్యాప్‌తో ఒరిగేది కొంచెమే. టర్బోకు బూస్ట్ పెంచితే 20 శాతం దాకా పెరగడం మామూలే, అందుకే అందరి చూపూ వీటి మీద పడింది.

ఇప్పుడు డైనో సంగతి. రోలర్ల మీద బండిని లాగించి చక్రాల దగ్గర పవర్ కొలుస్తారు. ఊరిని బట్టి గాలి మారుతుంది కాబట్టి వచ్చిన అంకెను ప్రామాణిక వాతావరణానికి సరిచేస్తారు. ఎస్ఏఈ (ఆటోమోటివ్ ఇంజినీర్ల సంస్థ) పద్ధతిలో అది 25 డిగ్రీల వేడి, 990 మిల్లీబార్ల గాలి ఒత్తిడి. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, అక్కడ గాలి ఒత్తిడి దాదాపు 910 మిల్లీబార్లు. లెక్క వేస్తే కొలిచిన దానికి 10 శాతం వరకు కలుస్తుంది. టర్బో లేని ఇంజిన్‌కు అది న్యాయమే. కానీ టర్బో బండిలో ఈసీయూ ఆ పల్చటి గాలిని చాలావరకు తనే భర్తీ చేసుకుంటుంది, ఇక పైన కలిపిన 10 శాతంలో ఎక్కువ భాగం కాగితం మీదే ఉంటుంది. కొలత 120 వస్తే షీట్‌లో 132 కనిపిస్తుంది, ఆ 12 రీమ్యాప్ తెచ్చింది కాదు.

మన ఎండ కథ వేరు. అనంతపురం ఎత్తు 335 మీటర్లు, మే నెలలో 42 డిగ్రీలు. లెక్కేసి చూస్తే ఇక్కడి వేడి గాలి సాంద్రత, బెంగళూరు చల్లటి గాలి సాంద్రత దాదాపు సమానం. కాబట్టి ఇక్కడ ఇబ్బంది గాలి తక్కువై కాదు, వేడి వల్ల. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) వేడెక్కితే సిలిండర్లోకి వెళ్లే గాలి వేడెక్కుతుంది, నాకింగ్ (ఇంధనం తనంతట తానే అంటుకోవడం) మొదలవుతుంది, ఈసీయూ ఇగ్నిషన్‌ను వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్ ఆలస్యంగా వేస్తుంది, పవర్ పడిపోతుంది. ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) తక్కువున్న పెట్రోలుతో ఇంకా త్వరగా పడుతుంది. స్టేజ్ 1 అన్నాక కనీసం 95 ఆక్టేన్ పోయించడం మీద రాజీ పడొద్దని నా గట్టి అభిప్రాయం.

చట్టం సంగతి కూడా ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వారంటీ, ఇన్సూరెన్స్ టెన్షన్ దీనికి తోడు.

ఇవన్నీ చూసుకుని చేయించాలనుకుంటే, ట్యూన్‌కు ముందూ తర్వాతా ఒకే డైనో మీద, ఒకే రోజు, సరిచేయని అంకెలు అడిగి తీసుకోండి. వరసగా నాలుగైదు పుల్స్ (డైనో మీద ఫుల్ థ్రాటిల్‌తో లాగించడం) చేయించి మొదటి పుల్‌కూ చివరి దానికీ తేడా చూడండి. ఇంటికొచ్చాక మిట్టమధ్యాహ్నం హైవే మీద మామూలుగా వెళ్తూ, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి, ఓబీడీ (బండి కంప్యూటర్ సమాచారం చదివే) యాప్‌లో ఇన్‌టేక్ గాలి వేడి, ఇగ్నిషన్ టైమింగ్ రికార్డు చేయించండి. ఫైలు రాసినవాళ్లకు ఆ లాగ్ పంపితే, మన ఎండకు తగ్గట్టు బూస్ట్ తగ్గించి ఇస్తారో లేదో తేలిపోతుంది.