తెల్ల డబ్బా సంగతి

చిన్నీకి, బన్నీకి అమ్మమ్మ ఆశీస్సులు.

ఆసుపత్రిలో చెత్తబుట్టలకు అన్ని రంగులెందుకని ఫోనులో అడిగారు. ఏళ్ల తరబడి నర్సుగా చేసినదాన్ని, రెండు ముక్కల్లో చెబితే నాకు తృప్తి ఉండదు.

2016 నాటి నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో వేయాలి. సెలైన్ గొట్టాలు, గ్లౌజులు ఎరుపులో, గాజు సీసాలు నీలంలో. నాలుగోది తెల్లది. అది సంచి కాదు, సూది గుచ్చినా చిల్లు పడని గట్టి డబ్బా. సూదులు, బ్లేడ్లు అందులోకే పోవాలి. నన్నడిగితే ఆ మూడూ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లకు సూది ఎక్కడుందో కళ్లెదుటే కనిపిస్తుంది. సంచి మోసే ఆయాకు కనిపించదు. హడావిడిలో ఎవరో సూదిని పసుపు సంచిలో పడేస్తారు. ఆయా ఆ సంచి మూతి ముడేసి, ఒక చేత్తో పైకెత్తి, రెండో చెయ్యి సంచి అడుగున వేస్తుంది. బరువైతే తొడకు ఆనించుకుని నడుస్తుంది. గుచ్చుకునేది అక్కడే. పల్చటి గ్లౌజు దాన్ని ఆపలేదు. అది ఏ రోగికి వాడిన సూదో ఆమెకు తెలిసే దారే లేదు.

అందరూ హెచ్‌ఐవీ అంటే హడలిపోతారు. ఆ జబ్బున్నవారి సూది గుచ్చుకుంటే అది అంటేది వెయ్యి మందిలో ముగ్గురికి. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్లలో నూటికి 30 మంది దాకా అంటుకోవచ్చు. ఆ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతుకుతుంది. అయితే దానికి మంచి టీకా ఉంది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దాన్ని మన దేశంలోనే తయారు చేశాక ధర బాగా దిగింది. ఈ చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఆ టీకా వేయించాలని నిబంధన. కాంట్రాక్టు మనుషులకు వేయించారా అని అడగండి, నీళ్లు నమిలేవాళ్లే ఎక్కువ.

గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకోకూడదు, పిండకూడదు. సబ్బుతో, పారే నీళ్లలో కడిగి వెంటనే డాక్టరుకు చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. తిడతారన్న టెన్షన్‌తో దాచుకునే ఆయాల మీద నాకు జాలి, వాళ్లనలా భయపెట్టే సూపర్‌వైజర్ల మీద కోపం.

ఇక మీ ఇంటి సంగతి. తాతయ్యగారి ఇన్సులిన్ సూదులు మామూలు చెత్త కవర్లోనే పోతున్నాయట, మీ అమ్మ చెప్పింది. ఆ కవరును చెత్త బండి ఆవిడ ఉత్త చేతులతో విప్పుతుంది. ఖాళీ ఫినాయిల్ డబ్బాలాంటి మందపాటిది ఒకటి ఆయన మంచం దగ్గర పెట్టండి. సూదులు ఆయనే వేసుకుంటారు, మీరు ముట్టుకోవద్దు. ముప్పావు వంతు నిండాక నాన్న మూత బిగించి టేపు చుట్టి, బండి ఆవిడకు చెప్పి విడిగా ఇవ్వాలి. డబ్బా మీద ‘వాడిన సూదులు’ అని పెద్దక్షరాలతో ముందే రాసిపెట్టండి. ఆ పని బన్నీ చెయ్యాలి. చిన్నీ అక్షరాలు చీమల బారులా ఉంటాయి, ఎవరికీ ఆనవు.

ఇట్లు,
మీ అమ్మమ్మ