సీటు ముందొచ్చింది, టీచరు పోస్టు తర్వాత

ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం టీచరు పోస్టులు మంజూరు చేసి ప్రకటించాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ 2,260 పోస్టులు సృష్టించింది. తెలంగాణ అంతకుముందే 2024 డీఎస్సీలో 796 ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులను స్పెషల్ ఎడ్యుకేషన్‌కు కేటాయించింది. వినడానికి కొత్త కబురులా ఉంది గానీ, ఇది పాత బాకీ.

వైకల్యం ఉన్న పిల్లల చదువు సాధారణ విద్యలో విడదీయరాని భాగమని 1964-66లోనే కొఠారీ కమిషన్ చెప్పింది. మామూలు బళ్లలోనే వాళ్లను చదివించే కేంద్ర పథకం 1974లో మొదలైంది. దాన్ని అప్పగించింది మాత్రం సాంఘిక సంక్షేమ శాఖకు! విద్యాశాఖ చేతికి రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. చదువును సాయం లెక్కలో వేసే ఆ చూపు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

1992లో ఆ పథకాన్ని సవరించినప్పుడు ఎనిమిది మంది పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు ఉండాలని రాశారు. 2009లో 9 నుంచి 12 తరగతులకు తెచ్చిన పథకంలో ఐదుగురికి ఒకరన్నారు. కాగితం మీద లెక్క ఉదారంగానే ఉంది, నియామకాలే లేవు. చివరికి 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పది మందికి, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒక టీచరు ఉండాలని చెప్పాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ల కిందటి కాగితం కన్నా ఇది తక్కువే. అదీ కోర్టుకెక్కితే దక్కింది.

ఈలోగా చట్టాలు వస్తూనే ఉన్నాయి. 1995 నాటి వికలాంగుల చట్టం 18 ఏళ్లు నిండేదాకా ఉచిత విద్య హామీ ఇచ్చింది. సర్వశిక్షా అభియాన్ ఏ బిడ్డనూ బడి కాదనకూడదంది. 2009 విద్యాహక్కు చట్టం మొదట వైకల్యం ఉన్న పిల్లలను 'ప్రతికూల పరిస్థితుల్లోని వర్గం'లో చేర్చనేలేదు. 2012 సవరణతో చేర్చారు. తీవ్ర వైకల్యం ఉన్నవారు ఇంటి దగ్గరే చదువుకోవచ్చన్న వెసులుబాటూ ఆ సవరణలోనే వచ్చింది. బడి తన బాధ్యత దులుపుకోవడానికి అదొక సాకవుతుందని వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్లు అప్పుడే అన్నారు. ఆ భయం ఉత్తదేం కాదు.

మన దగ్గర ఈ బరువంతా మోసింది ఈ పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రాలు. మండలానికి ఒకటి చొప్పున ఓ గది, నడక నేర్పే సమాంతర కడ్డీలు, గుండ్రని చెక్కముక్కను గుండ్రని గుంతలో పెట్టించే పలకలు, ఫిజియోథెరపిస్టు వచ్చే రోజున తల్లుల ఎదురుచూపు. అక్కడ పనిచేసే రిసోర్స్ టీచర్లే మండలంలోని బళ్లు తిరగాలి, బడికి రాలేని పిల్లల ఇళ్లకూ వెళ్లాలి. చాలామందివి కాంట్రాక్టు ఉద్యోగాలే. వాళ్లు మరో ఊళ్లో ఉన్న రోజు ఆ పిల్లవాడి సంగతి చూడాల్సింది ఏకోపాధ్యాయ బడిలో ఐదు తరగతులు నెట్టుకొచ్చే పంతులుగారే.

2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచింది. అందులో నేర్చుకోవడంలో ఇబ్బందులూ ఉన్నాయి. వాటిని పట్టుకోవడమే కష్టం. బోర్డు మీదున్నది ముత్యాల్లాంటి అక్షరాలతో దించి, తాను రాసింది తానే చదవలేని పిల్లవాడు వెనక బెంచీలో 'మొద్దు' అనిపించుకుంటాడు. అతని వైకల్యం పైకి కనపడదు. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు దాకా తీసుకెళ్లాలన్న ఆలోచన ఇంట్లోనూ రాదు, బళ్లోనూ రాదు. సర్టిఫికెట్ లేకపోతే లెక్కలోకి రాడు. లెక్కలోకి రాని పిల్లవాడి పేర పోస్టు మంజూరు కాదు.

ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద ఉన్నవారి అర్హతలు చూసి రెగ్యులర్ చేసేందుకు స్క్రీనింగ్ కమిటీలు వేయాలని కూడా 2025 తీర్పు చెప్పింది. ఇక పోస్టులు ఎక్కడ పెడతారన్నది చూడాలి. మన ప్రాథమిక బళ్లలో చాలావాటిలో అలాంటి పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారు. పది మందికి ఒకరన్న లెక్కన పోస్టు ఒక బడికి కాక నాలుగైదు బళ్లకు కలిపి వస్తుంది. అంటే రెగ్యులర్ అయినా, ఆ టీచరు మళ్లీ ఊళ్లు తిరగాల్సిందే.